వృత్తి విద్యలో వ్యాపార పాఠం

వృత్తి విద్యా కోర్సుల్లో పనితనంతో పాటు సొంత వ్యాపారం పెట్టి నడిపే నేర్పును కూడా బోధించడాన్ని వ్యవస్థాపకత విద్య అంటారు. వెల్డింగ్ నేర్చుకున్న కుర్రాడు షెడ్డు అద్దెకు తీసుకోవాలి, చేసిన పనికి ధర కట్టాలి, బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని అప్పు అడగాలి, అరువు తీసుకున్నవాళ్ల దగ్గర డబ్బు రాబట్టుకోవాలి, జమాఖర్చులు రాసుకోవాలి. వెల్డింగ్ పాఠంలో ఇవేవీ ఉండవు. ఈ లోటు పూడ్చడానికి మన దేశంలో అరవై ఏళ్లుగా ప్రయత్నాలు సాగుతున్నాయి. తొలినాళ్ల ప్రయత్నాల్లో అన్నిటికన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్నది తెలుగు నేల మీద జరిగింది. 1960ల మధ్యలో కాకినాడ వ్యాపారులకు హైదరాబాదులో ఇచ్చిన ఆ శిక్షణ, తర్వాత దేశంలో వచ్చిన అనేక శిక్షణ కార్యక్రమాలకు అచ్చు అయింది.

పని ఒకచోట, బేరం మరొకచోట

కులవృత్తుల కాలంలో పనీ బేరమూ వేరు కావు. కంసాలి ఇంట్లో పిల్లవాడు కుంపటి ఊదుతూనే తరుగు లెక్క కట్టడం, ఎవరికి ఎంత అరువు ఇవ్వవచ్చో పసిగట్టడం నేర్చుకునేవాడు. చేనేత ఇంట్లో నూలు ధర మీద పెద్దల మాటలు మగ్గం చప్పుడుతో పాటే పిల్లల చెవిన పడేవి. ఆ చదువుకు కులం గోడలు ఉండేవి. మగ్గం పనిలో సగం భారం మోసిన ఆడవాళ్లకు సొమ్ము లెక్కల్లో చోటు ఉండేది కాదు. కాబట్టి అదొక స్వర్ణయుగమని చెప్పుకోనక్కర్లేదు. అయితే చేతిపని బడిలోకి వచ్చినప్పుడు బేరసారాల విద్య దానితో పాటు రాలేదు.

జాతీయోద్యమం చేతిపనికి గౌరవం తెచ్చింది. మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య పూనికతో 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతో పాటు చేతివృత్తులు నేర్పింది. అదే ఊళ్లో పట్టాభి 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. పని నేర్పే సంస్థా, అప్పు ఇచ్చే సంస్థా ఒకే మనిషి ఆలోచనల్లో పక్కపక్కనే పుట్టినా, ఆ రెంటినీ ఒక కోర్సుగా కలిపే రోజు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1937లో గాంధీజీ వార్ధాలో ముందుకు తెచ్చిన నయీ తాలీం ఇంకో అడుగు వేసింది. పిల్లలు చేసిన వస్తువుల మీద వచ్చే రాబడితో బడి ఖర్చు కొంతైనా గడవాలని ఆయన కోరుకున్నారు. ఆయన మనసులో ఉన్నది స్వావలంబనే. వ్యాపారం గురించి ఆయన ఆలోచించలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1950లో చేతిపనివారి శిక్షణ పథకం మొదలైంది. ఐటీఐలు దాని సంతానమే. కొత్తగా లేస్తున్న కర్మాగారాలకు ఫిట్టర్లు, టర్నర్లు, ఎలక్ట్రీషియన్లు కావాలి. అందుకే కోర్సులన్నీ కొలువును దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి. 1961 అప్రెంటిస్‌ల చట్టం కూడా ఫ్యాక్టరీ గేటు దాకా దారి చూపి ఆగిపోయింది.

జర్మనీ వేరే దారి పట్టింది. అక్కడ చేతివృత్తుల్లో మేస్త్రీ పట్టా కావాలంటే పరీక్ష నాలుగు భాగాలుగా రాయాలి. పనితనం, వృత్తి శాస్త్రం మొదటి రెండు భాగాలు. మూడోది లెక్కలు, వ్యాపార నిర్వహణ, చట్టం. నాలుగోది శిష్యులకు పని నేర్పే పద్ధతి. 1953 నాటి చేతివృత్తుల చట్టం ఈ పద్ధతిని పశ్చిమ జర్మనీ అంతటా స్థిరపరచింది. అక్కడ వడ్రంగి దుకాణం యజమాని కావాలంటే జమాఖర్చుల పరీక్ష తప్పనిసరి మెట్టు. మనకు ఆ మెట్టు లేకపోవడం వల్ల కలిగిన నష్టం చిన్నది కాదు. మన ఊళ్లలో చేయి తిరిగిన మెకానిక్‌లు ఎందరో జీవితమంతా ఎవరో పెట్టిన గ్యారేజీలోనే పని చేసి వెళ్లిపోయారు.

కాకినాడ ప్రయోగం

చిన్న పరిశ్రమల అధికారులకు శిక్షణ ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 1960లో ఢిల్లీలో ఒక సంస్థ పెట్టింది. అది 1962లో హైదరాబాదుకు తరలి వచ్చి సైయెట్ అని పేరు పొందింది. ఇప్పుడు యూసుఫ్‌గూడలో నిమ్స్‌మే అన్న పేరుతో నడుస్తున్నది అదే.

అదే సమయంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మెక్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు. కొన్ని సమాజాలు వేగంగా ఎదుగుతాయి, కొన్ని ఎదగవు, ఎందుకు? దేశదేశాల పిల్లల వాచకాల్లోని కథలు తిరగేసి, వాటిలో ఏదైనా సాధించాలన్న తపన ఎంత కనిపిస్తుందో లెక్కగట్టి, ఆ లెక్కను ఆ దేశాల ఆర్థిక ఎదుగుదలతో పోల్చి చూశాడు. 1961లో వెలువడిన ఆయన పుస్తకం ‘ది అచీవింగ్ సొసైటీ’ ఈ వాదాన్నే వినిపించింది. సాధించాలన్న తపన పుట్టుకతో రావలసిన గుణం కాదని, పెద్దవాళ్లకు కూడా శిక్షణతో దాన్ని పెంచవచ్చని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి ఆయనకు ఒక ఊరు కావలసి వచ్చింది.

ఆ ఊరు కాకినాడ. రేవు పట్టణం, వర్తకం బాగా తెలిసిన జనం. అక్కడి వ్యాపారుల్లో 52 మందిని బృందాలుగా హైదరాబాదులోని సైయెట్ సంస్థకు పంపించారు. అదే గోదావరి సీమలోని రాజమండ్రికి ఏ శిక్షణా ఇవ్వకుండా పోలిక కోసం పక్కన ఉంచుకున్నారు. తమిళనాడులోని వేలూరు వ్యాపారులకు కూడా ఇదే శిక్షణ అందింది.

ఆ శిక్షణలో ఏం నేర్పారో తెలుసుకోవడం అవసరం. అందులో పన్నుల మీద, మార్కెట్ల మీద ఉపన్యాసాలకు పెద్ద చోటు లేదు. ముందు ఒక బొమ్మ చూపించి దాని మీద కథ రాయమనేవారు. కథలోని మనుషులు ఏదో సాధించాలని పాటుపడుతున్నారా, లేక విధికి తలవంచి కూర్చున్నారా అని చూసేవారు. తర్వాత తపన నిండిన కథ ఎలా ఉంటుందో చూపించి, తమ కథలను మళ్లీ రాయించేవారు. కొయ్య మీదికి రింగులు విసిరే ఆట ఒకటి ఆడించేవారు. ఎంత దూరంలో నిలబడాలన్నది ఆటగాడి ఇష్టం. కొయ్య పక్కనే నిలబడితే గెలుపు ఖాయం కానీ అందులో గొప్పేమీ లేదు. మరీ దూరం పోతే అంతా అదృష్టం మీద ఆధారపడాలి. తన సత్తా తెలిసి మధ్యస్థ దూరం ఎంచుకునేవాడే మంచి వ్యాపారి అవుతాడన్నది మెక్లెలాండ్ లెక్క. చివరగా ప్రతి ఒక్కరూ తన గురించి తాను ఆలోచించుకుని, రాబోయే రెండేళ్లలో చేయబోయే పనిని కాగితం మీద పెట్టాలి. ఈ దారిలో తోడుగా నిలవడానికి ఒక బృందం ఉండాలన్నది కూడా శిక్షణలో భాగమే. కోర్సు అంతా కలిపి రెండు వారాలు కూడా దాటలేదు.

డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్లెలాండ్ 1969లో ఫలితాలను పుస్తకంగా వేశాడు. కోర్సు తర్వాతి రెండేళ్లలో శిక్షణ పొందినవాళ్లలో సుమారు సగం మంది కొత్త వ్యాపారం మొదలుపెట్టడమో, ఉన్నదాన్ని పెంచడమో చేశారు. శిక్షణ పొందనివాళ్లలో అలా చేసినవారు పాతిక శాతం దగ్గర నిలిచారు. ఇంకో ఫలితం అంతకన్నా విలువైనది. ఆచార వ్యవహారాలు పాటించేవాళ్లు, పాత పద్ధతిలో బతికేవాళ్లు వ్యాపారంలో వెనకబడతారన్న అభిప్రాయం ఆ రోజుల్లో బలంగా ఉండేది. కాకినాడ లెక్కలు దాన్ని బలపరచలేదు. పంచె కట్టుకున్నంత మాత్రాన మనిషి కొత్త యంత్రం కొనడానికి వెనకాడడని తేలింది.

విమర్శలూ గట్టిగానే వచ్చాయి. శిక్షణ పొందినవాళ్లు అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లు, చేతిలో అంతో ఇంతో డబ్బున్నవాళ్లు. తపన ఉన్నా పెట్టుబడి, గిరాకీ, కరెంటు, రోడ్డు లేకపోతే ఏం లాభమని ఆర్థికవేత్తలు అడిగారు. అది సరైన ప్రశ్న. దానికి జవాబు గుజరాత్‌లో దొరికింది.

మనసుకు షెడ్డు తోడయిన చోటు

1969లో గుజరాత్ పారిశ్రామిక పెట్టుబడుల సంస్థ సాంకేతిక విద్య చదువుకున్న యువకుల కోసం ఒక పథకం తెచ్చింది. తనఖా అడగకుండా పూర్తి పెట్టుబడిని అప్పుగా ఇస్తామంది. డబ్బు ఇస్తామన్నా దాన్ని నిలబెట్టుకునే మనుషులను వెతకడం కష్టమని త్వరలోనే అర్థమైంది. దాంతో 1970 నుంచి ఎంపిక, శిక్షణ, అప్పు, పారిశ్రామికవాడలో స్థలం అన్నీ ఒకే గొలుసుగా అల్లిన కార్యక్రమాలు మొదలయ్యాయి. వీటిని నిలబెట్టిన మనిషి వి.జి. పటేల్. కాకినాడలో వాడిన మానసిక శిక్షణను ఆయన పక్కన పెట్టలేదు. దానికి ప్రాజెక్టు నివేదిక రాయడం, మార్కెట్ సర్వే చేయడం, బ్యాంకుతో వ్యవహరించడం కలిపాడు.

అభ్యర్థిని ఎంచే పద్ధతిలోనూ మార్పు వచ్చింది. చేతిలో ఎంత డబ్బుందో, తండ్రి ఏం చేస్తాడో అడగడం కన్నా, ఇప్పటిదాకా ఆ మనిషి ఏ పని తలకెత్తుకున్నాడు, అడ్డంకి వచ్చినప్పుడు ఏం చేశాడు అని అడిగేవారు. గుమస్తాలు, దుకాణాల్లో కొలువు చేసేవాళ్లు, వ్యాపారం ఎరగని కులాలవాళ్లు ఈ దారిన ఫ్యాక్టరీ యజమానులయ్యారు. పారిశ్రామికవేత్త పుట్టాలే తప్ప తయారు కాడన్న నానుడి అహ్మదాబాదులో ఓడిపోయింది.

1983లో ఐడీబీఐ, ఐఎఫ్‌సీఐ, ఐసీఐసీఐ, స్టేట్ బ్యాంకు కలిసి అహ్మదాబాదు దగ్గర భారత వ్యవస్థాపకత అభివృద్ధి సంస్థ ఈడీఐఐని నెలకొల్పాయి.  అదే 1983లో కేంద్రం శిక్షకులకు శిక్షణ ఇచ్చే నీస్‌బడ్ అనే సంస్థ పెట్టింది. అంతకు ముందు ఏడాది శాస్త్ర సాంకేతిక శాఖ ఇంజనీరింగ్ విద్యాసంస్థల్లో వ్యవస్థాపకతను పెంచడానికి ఒక జాతీయ బోర్డు ఏర్పాటు చేసింది. 1980ల మొదట్లో ఈ విషయం ప్రభుత్వాల మనసుకు ఎంతగా ఎక్కిందో ఈ తేదీలు చెబుతాయి.

బడిలోకి, పల్లెలోకి

బడి వైపు కథ నెమ్మదిగా నడిచింది. కొఠారీ కమిషన్ 1966లో సెకండరీ విద్యను వృత్తుల వైపు తిప్పాలంది. 1976 తర్వాత ప్లస్ టూ స్థాయిలో వృత్తి కోర్సులు వచ్చాయి. 1986 జాతీయ విద్యా విధానం 1990 నాటికి పది శాతం, 1995 నాటికి పాతిక శాతం విద్యార్థులు ఈ కోర్సుల్లో చేరాలని లక్ష్యం పెట్టింది. చేరినవాళ్లు అందులో కొద్దిమందే. వృత్తి కోర్సు అంటే మార్కులు రానివాళ్ల చోటన్న ముద్ర అప్పటికే పడిపోయింది.

ఆ కోర్సుల చట్రంలో జనరల్ ఫౌండేషన్ కోర్సు అని ఒక పేపరు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ ఒకేషనల్ చదివినవాళ్లందరికీ జీఎఫ్‌సీ పేరు తెలుసు. సొంత వ్యాపారం గురించిన పాఠాలు అందులోనే ఉండేవి. పాలిటెక్నిక్ డిప్లొమాలోనూ పారిశ్రామిక నిర్వహణ, వ్యవస్థాపకత కలిపి ఒక సబ్జెక్టు వచ్చింది. రెండు చోట్లా దారుణంగా లోపించింది సాధన. ప్రాజెక్టు నివేదిక నిర్వచనాన్ని బట్టీ పట్టి పరీక్షలో రాసి వచ్చిన విద్యార్థి, ఒక్కసారి కూడా నిజమైన నివేదిక తయారు చేయకుండానే పట్టా అందుకునే వీలుంది. పాఠం చెప్పే లెక్చరరు కూడా ఎన్నడూ దుకాణం నడపని మనిషే కావచ్చు. తప్పు ఆ లెక్చరరుది కాదు. ఆ పని నేర్చుకునే అవకాశం వ్యవస్థ ఆయనకు ఇవ్వలేదు.

పల్లె యువత కోసం 1979లో ట్రైసెమ్ అనే స్వయం ఉపాధి శిక్షణ పథకం వచ్చింది. శిక్షణ, స్టైపెండు, పనిముట్లు, అప్పు అన్నీ కాగితం మీద ఉన్నాయి. కానీ నేర్పిన వృత్తికి ఆ ఊళ్లో గిరాకీ ఉందో లేదో చూసినవాళ్లు తక్కువ. శిక్షణ ముగిసినా సొంత పని మొదలుపెట్టనివాళ్లు చాలామంది మిగిలారు. 1999లో ఆ పథకం మరో పథకంలో కలిసిపోయింది.

ట్రైసెమ్ నడుస్తున్న రోజుల్లోనే కర్ణాటకలోని ఉజిరె అనే చిన్న ఊళ్లో పూర్తిగా వేరే తీరులో ఒక పని మొదలైంది. ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి 1982లో రుడ్‌సెట్ సంస్థను పెట్టారు. చదువు ఆగిపోయి పని లేక తిరుగుతున్న యువతను తీసుకొచ్చి, ఉచితంగా తిండీ వసతీ ఇచ్చి, కొద్ది వారాల పాటు పని నేర్పుతారు. సెల్‌ఫోన్ రిపేరు, కుట్టుపని, పాడి, ఫొటోగ్రఫీ లాంటివి. పొద్దున్నే ముందు రోజు నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైన ముక్క ఏమిటో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. నలుగురిలో నోరు విప్పడానికి భయపడే పిల్లలకు ఇదే మొదటి వ్యాపార పాఠం. కొయ్య మీదికి రింగులు విసిరే ఆట ఇక్కడా ఉంది. హార్వర్డ్ నుంచి కాకినాడ వ్యాపారుల దాకా వచ్చిన ఆట, ఇప్పుడు టైలరింగ్ నేర్చుకునే పల్లెటూరి అమ్మాయిల చేతికి వచ్చింది.

ఉజిరె పద్ధతిలో అసలు బలం శిక్షణ ముగిసిన తర్వాత కనిపిస్తుంది. శిక్షణ పొందిన మనిషిని రెండేళ్ల పాటు వదలరు. అప్పు మంజూరయిందా, దుకాణం తెరిచారా, ఎక్కడ చిక్కుకున్నారు అని కనుక్కుంటూ ఉంటారు. శిక్షకుల్లో బ్యాంకు అధికారులు ఉండడంతో దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుందో వాళ్లకు బాగా తెలుసు. తెలుగు ప్రాంతంలో అనంతపురంలోనూ, నేత పనికి పేరుపొందిన వేటపాలెంలోనూ రుడ్‌సెట్ శాఖలు వచ్చాయి. ఈ నమూనా చూసి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ జిల్లాకు ఒకటి చొప్పున గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలైన ఆర్‌సెటీలను పెట్టించింది, నడిపే బాధ్యత బ్యాంకులకు అప్పగించింది. దేశంలో ఇప్పుడు అవి ఐదు వందలకు పైగా ఉన్నాయి.

తెలుగు మహిళలు తమ దారి తామే వేసుకున్న సందర్భమూ ఉంది. 1993లో హైదరాబాదులో ఏర్పడిన మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అలీప్ గాజులరామారంలో మహిళల కోసమే పారిశ్రామికవాడ తెచ్చుకుంది. కొత్తగా వచ్చేవాళ్లకు అక్కడ శిక్షణ ఇచ్చేది అప్పటికే యూనిట్లు నడుపుతున్న మహిళల సంఘమే. ఇది ఏ పాఠ్యపుస్తకం కన్నా బలమైన బోధన.

పరీక్షకు నిలిచినవీ, నిలవనివీ

ఇతర దేశాల్లోనూ ఇలాంటి పాఠ్యక్రమాలు తయారయ్యాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తి విద్యా సంస్థల కోసం రూపొందించిన ‘నో అబౌట్ బిజినెస్’ అనే పాఠాల కట్ట కెన్యాలో రూపుదిద్దుకుని పదుల దేశాలకు చేరింది. అమెరికాలో 1919లో పుట్టిన జూనియర్ అచీవ్‌మెంట్ పద్ధతిలో విద్యార్థులే చిన్న కంపెనీ పెట్టి, వాటాలు అమ్మి, సరుకు చేసి, ఏడాది చివర లెక్క మూసేస్తారు.

ఈ కంపెనీ పద్ధతిని నెదర్లాండ్స్‌లోని ఒక వృత్తి విద్యా కళాశాలలో పరిశోధకులు నిశితంగా పరీక్షించారు. 2010లో వెలువడిన ఆ ఫలితాలు బోధకులను కలవరపెట్టాయి. విద్యార్థుల వ్యాపార నైపుణ్యాలు పెరిగినట్టు కనపడలేదు. సొంత వ్యాపారం పెట్టాలన్న ఉద్దేశం అయితే తగ్గింది కూడా. దీన్ని ఓటమి అనుకోవచ్చు. వ్యాపారం ఎంత కష్టమో తెలిసి, తమకు తగదని కొందరు ముందే గ్రహించారని కూడా అనుకోవచ్చు. రెండోదే నిజమైతే ఆ పాఠం ఆ కొందరిని అప్పుల్లో పడకుండా కాపాడినట్టే.

మెక్లెలాండ్ ఆలోచన ఆఫ్రికాలో మళ్లీ తలెత్తింది. టోగో రాజధాని లోమేలో 1,500 మంది చిన్న వ్యాపారులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు లెక్కలు, మార్కెటింగ్ లాంటి మామూలు శిక్షణ, ఒక గుంపుకు చొరవ, పట్టుదల, ముందుచూపు పెంచే మానసిక శిక్షణ ఇచ్చి, మూడో గుంపును పోలికకు ఉంచారు. 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం మానసిక శిక్షణ పొందినవాళ్ల లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు శిక్షణ పొందినవాళ్లలో కనిపించిన 11 శాతం పెరుగుదలను గణాంకాల రీత్యా ఖాయంగా చెప్పలేకపోయారు.

అహ్మదాబాదులో సేవా బ్యాంకు ఖాతాదారులైన మహిళలతో జరిగిన ప్రయోగం మరో సంగతి చెప్పింది. రెండు రోజుల శిక్షణకు కొందరిని ఒంటరిగా, కొందరిని స్నేహితురాలితో కలిసి రమ్మన్నారు. తోడుతో వచ్చినవాళ్లే తర్వాత ఎక్కువగా అప్పు తీసుకుని వ్యాపారంలో పెట్టారు, వాళ్ల ఇళ్ల రాబడీ పెరిగింది. గడప దాటి పని చేయడానికి ఇంట్లో ఆంక్షలు ఎక్కువున్న మహిళల్లో ఈ తేడా మరింత బలంగా కనిపించింది. కాకినాడ కోర్సులో తోడుగా నిలిచే బృందానికి ఎందుకు చోటిచ్చారో ఇక్కడ స్పష్టమవుతుంది.

ఐటీఐలకు తిరిగి

ఐటీఐల్లో మార్పు 2012లో వచ్చింది. ఎన్నో ఏళ్లుగా నడిచిన సోషల్ స్టడీస్ తీసేసి, దాని బదులు ఉద్యోగ నైపుణ్యాలు అనే సబ్జెక్టు పెట్టారు. ఇంగ్లీషు, కంప్యూటరు, మాటతీరు, కార్మిక చట్టాలతో పాటు వ్యవస్థాపకత కూడా అందులో ఒక భాగం. 2014 నవంబరులో కేంద్రంలో నైపుణ్యాభివృద్ధికీ వ్యవస్థాపకతకూ కలిపి ఒక మంత్రిత్వ శాఖ ఏర్పడింది. అప్పటిదాకా కార్మిక శాఖ చేతిలో ఉన్న ఐటీఐల శిక్షణ విభాగం దాని కిందికి వచ్చింది, నీస్‌బడ్ కూడా వచ్చింది. 2015 జూలై 15న విడుదలైన జాతీయ విధానం పేరులోనే రెండు మాటలూ పక్కపక్కన ఉన్నాయి.

అప్పుల వైపు కూడా శిక్షణకు చోటు దొరికింది. 1993లో మొదలైన ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన నిరుద్యోగ యువతకు అప్పుతో పాటు శిక్షణను జోడించింది. 2008లో దాని స్థానంలో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం పీఎంఈజీపీలోనూ లబ్ధిదారులకు వ్యవస్థాపకత శిక్షణ ఉంది. చిన్న వ్యాపారాల కోసం 2015లో వచ్చిన ముద్ర రుణాలకు మాత్రం అలాంటి షరతు లేదు. వృత్తి పట్టా చేతిలో ఉన్న ఎలక్ట్రీషియనుకు ఈనాడు అప్పు దొరికే దారులు తన తండ్రి కాలం కన్నా ఎక్కువ. ఆ అప్పుతో ఏం చేయాలో కూర్చోబెట్టి చెప్పే మనిషి దొరకడమే ఇప్పటికీ కష్టం.

ఇటీవలి పథకాల చూపు ఎక్కువగా యంత్రాల మీద ఉంది. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది. 2025 మేలో కేంద్ర మంత్రివర్గం వెయ్యి ప్రభుత్వ ఐటీఐలను మెరుగుపరచడానికి 60,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అందులో భాగంగా శక్తిమంతం చేయబోయే ఐదు జాతీయ శిక్షణ సంస్థల్లో హైదరాబాదుది ఒకటి. రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు ఈ కేంద్రాలకు రావలసిందే, వాటి కోసం పిల్లలు చాలాకాలం ఎదురు చూశారు. వాటి పక్కనే ఉజిరెలో లాగా ఒక బ్యాంకు అధికారికి కుర్చీ వేయడం, గాజులరామారంలో లాగా వర్క్‌షాపు నడిపే యజమాని చేత పాఠం చెప్పించడం, పట్టా ఇచ్చాక రెండేళ్లు వెంట ఉండడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఈ మూడూ ఇదే దేశంలో, ఇదే తెలుగు ప్రాంతంలో ఏళ్ల తరబడి ఆచరణలో ఉన్నవే.